పసుపు వైద్యం ఎవరి సొత్తు?

“పసుపును అమెరికావారు పేటెంటు చేసుకున్నారట కదా, ఇకమీదట మన వంటింటిలో పసుపు వాడుకోవడానికి కూడా వారి అనుమతి కావాలా?” వైద్యవృత్తిలో ఉన్న ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అడిగేవారిలో చదువుకున్నవారే ఎక్కువ. వారి మాటలో కోపం ఉంటుంది, కొంత భయమూ ఉంటుంది. కోపం సహజమే. భయానికి మాత్రం కారణం లేదు. మన పోపుల పెట్టెలోని పసుపుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పేటెంటు 1997లోనే చెల్లదని తేలిపోయినది. అంతకు ముందు కూడా మన దేశంలో దానికి విలువ లేదు.

ఆ వివాదం ముగిసినది గనుక ఇక నిశ్చింతగా ఉండవచ్చునా అంటే, ఉండరాదనే నా అభిప్రాయం. పసుపు గుణం మనకు తెలిసినంత మాత్రాన ఆ పేటెంటు రద్దు కాలేదు. తెలిసినట్లుగా అచ్చులో ఆధారం దొరికినది గనుక రద్దయినది. అచ్చుకెక్కని ఔషధజ్ఞానం మన ఇళ్లలో, పల్లెలలో, అడవులలో ఎంతో ఉన్నది. దాని గతి ఏమిటి? దానిని దాచుకోవడం మేలా, వెల్లడించడం మేలా? వెల్లడిస్తే దాని ఫలం ఎవరికి చెందవలెను? ఈ ప్రశ్నలు న్యాయస్థానాలకు మాత్రమే సంబంధించినవి కావు. కుటుంబీకులందరూ ఆలోచించవలసినవి.

పేటెంటు అంటే ఏమిటి?

ముందుగా ఈ మాటకు అర్థం తెలుసుకుందాం. ఒక వ్యక్తి లేక సంస్థ ఏదైనా కొత్తది కనిపెట్టినప్పుడు, కొంతకాలంపాటు ఇతరులెవ్వరూ తన అనుమతి లేకుండా దానిని తయారు చేయకుండా, అమ్మకుండా అడ్డుకునే హక్కును ప్రభుత్వం ఇస్తుంది. ఆ హక్కే పేటెంటు. మన దేశంలో దాని కాలపరిమితి దరఖాస్తు చేసిన నాటినుండి 20 సంవత్సరాలు. ఇందుకు ప్రతిఫలంగా కనిపెట్టినవారు తమ విధానాన్ని దాపరికం లేకుండా పూర్తిగా రాసి ఇవ్వవలెను. గడువు తీరిన పిమ్మట అది లోకానికంతటికీ చెందుతుంది.

పేటెంటు పొందడానికి మూడు అర్హతలు ఉండవలెను. మొదటిది కొత్తదనం. రెండవది, ఆ విద్యలో ఆరితేరినవారికి సైతం తేలికగా తట్టని విశేషం. మూడవది, ఆచరణలో ఉపయోగపడటం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా పేటెంటు నిలవదు.

మరొక ముఖ్యమైన సంగతి. ఏ దేశం ఇచ్చిన పేటెంటు ఆ దేశపు సరిహద్దులలోనే చెల్లుతుంది. అమెరికాలో ఇచ్చినది నిజామాబాదు మార్కెట్టులో గాని, దుగ్గిరాల యార్డులో గాని పసుపు కొమ్ములు అమ్మే రైతును ఏమీ చేయలేదు. కాని ఆ దేశంలో అదే ఉపయోగానికి పసుపును మందుగా అమ్మదలచినవారికి అది అడ్డంకి కాగలదు. మన జ్ఞానం పరాయి పేరు మీద నమోదు కావడం అన్న అవమానం సరేసరి.

పసుపు వివాదం ఎలా సాగినది?

1995 మార్చి నెలలో అమెరికా పేటెంటు కార్యాలయం మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి ఒక పేటెంటు మంజూరు చేసినది. గాయం మానడానికి పసుపు పొడిని పైపూతగా గాని, లోపలికి గాని వాడటం అన్నదే అందులోని కొత్త ఆవిష్కరణ. దానిని కనిపెట్టినట్లు చెప్పుకున్న ఇద్దరూ భారత సంతతివారే. కూరగాయలు తరుగుతూ వేలు కోసుకున్న ఇల్లాలు మొదట చేయి చాచేది పసుపు డబ్బా వైపే. అటువంటి దేశంలో పుట్టినవారికి అది కొత్తదిగా ఎలా తోచినదో నాకు ఇప్పటికీ బోధపడదు.

మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దీనిని ఊరక వదలలేదు. అప్పటి డైరెక్టర్ జనరల్ డాక్టర్ ఆర్.ఎ. మాషేల్కర్ నేతృత్వంలో 1996లో పేటెంటును తిరిగి పరిశీలించవలసినదిగా ఆ మండలి దరఖాస్తు పెట్టినది. కేవలం “ఇది మా తాతముత్తాతల నాటిది” అని వాదించి ఊరుకోలేదు. 32 లిఖిత ఆధారాలను సమర్పించినది. వాటిలో సంస్కృత, హిందీ, ఉర్దూ భాషల గ్రంథాలున్నాయి. కొన్ని నూరేళ్లకు పైబడినవి. 1953లో భారత వైద్యసంఘం పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన వ్యాసం కూడా వాటిలో ఉన్నది. ఈ ఆధారాలను చూసిన మీదట, గాయాలకు పసుపు వాడటంలో కొత్తదనం లేదని అమెరికా కార్యాలయం అంగీకరించి 1997 ఆగస్టులో ఆ హక్కులను తోసిపుచ్చినది.

అమ్మమ్మ మాట సాక్ష్యం కాదా?

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావచ్చును. కోట్లమంది ప్రతి దినమూ చేస్తున్న పనికి కాగితం ఆధారం ఎందుకు? కారణం ఆనాటి అమెరికా చట్టంలో ఉన్నది. ఒక వస్తువు అమెరికాలో వాడుకలో ఉంటే, ఆ వాడుకే అది కొత్తది కాదనడానికి చాలును. ఇతర దేశాలలో వాడుకలో ఉంటే మాత్రం ఆ వాడుక లెక్కలోకి రాదు. ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండవలెను, లేదా పేటెంటుగా నమోదై ఉండవలెను. అనగా, అమెరికాలోని ఒక అమ్మమ్మ గాయానికి పసుపు అద్దితే అది సాక్ష్యం. తెనాలిలోని అమ్మమ్మ అద్దితే కాదు! 2011లో చేసిన సవరణతో అమెరికా ఈ భేదాన్ని తొలగించినది. ఆ సవరణ 2013 మార్చి నుండి అమలులోకి వచ్చినది.

ఐరోపాలో పద్ధతి మొదటినుండి వేరు. అక్కడ ఏ దేశపు వాడుకనైనా పరిగణిస్తారు. వేప వివాదమే ఇందుకు ఉదాహరణ. వేపనూనెతో పంటల బూజు తెగుళ్లను అరికట్టే విధానానికి అమెరికా వ్యవసాయశాఖ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి 1994లో ఐరోపా పేటెంటు పొందాయి. వందనా శివ, ఐరోపా పార్లమెంటులోని హరిత పక్షం, సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి 1995లో అభ్యంతరం దాఖలు చేశారు. దరఖాస్తుకు ముందునుంచే తాను అటువంటి వేప ఉత్పత్తులు తయారు చేస్తున్నానని భారతీయ తయారీదారు ఒకరు స్వయంగా సాక్ష్యమిచ్చారు. 2000 మే నెలలో పేటెంటు రద్దయినది. అప్పీలు 2005 మార్చిలో వీగిపోయినది. దరఖాస్తు మొదలుకొని తుది తీర్పు వరకు చూస్తే దాదాపు పదిహేనేళ్ల వ్యవహారమిది. ప్రతి ఆకుకూ, ప్రతి వేరుకూ ఇలా విదేశాలలో వ్యాజ్యం నడపడం ఎవరి తరం?

మన పేటెంటు చట్టం ఈ విషయంలో మెరుగనే చెప్పవలెను. 2002 సవరణ ద్వారా చేరిన నిబంధన ప్రకారం సంప్రదాయ జ్ఞానమే అయినది గాని, సంప్రదాయంగా తెలిసిన పదార్థాల గుణాలను కూర్చినంత మాత్రమే అయినది గాని మన దేశంలో పేటెంటుకు తగదు. స్థానిక సమాజాలలో నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని ఆధారం చేసుకుని కూడా అభ్యంతరం చెప్పవచ్చునని చట్టం స్పష్టంగా అంటున్నది. అయితే ఆ నోటిమాటకు సాక్షులు ముందుకు రావలెను గదా! ఆ మాట తెలిసిన ముసలమ్మ గతించిన తరువాత చట్టం ఎంత ఉదారమైనదైనా ఏమి లాభం?

గ్రంథాలకు రక్షణ కలిగినది

ఈ అనుభవాల ఫలితంగా 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం అనే మహత్కార్యం ఆరంభమైనది. పరిశోధనా మండలి, దేశీయ వైద్యశాఖ కలిసి సంస్కృతం, హిందీ, అరబ్బీ, పారశీకం, ఉర్దూ, తమిళం మొదలైన భాషల వైద్యగ్రంథాలనుండి యోగాలను తీసి, ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి, స్పానిష్, జపనీస్ భాషలలోకి మార్చి కంప్యూటరులో పొందుపరచాయి. నాలుగు లక్షలకు పైగా యోగాలు అందులో చేరాయి. విదేశాల పేటెంటు పరీక్షకులు దరఖాస్తు రాగానే దీనిని తెరచి, చరకంలోనో భావప్రకాశంలోనో ఆ సంగతి ముందే ఉన్నదేమో చూసుకోవచ్చును. పేటెంటు ఇచ్చిన తరువాత వ్యాజ్యమాడటం కంటె ఇవ్వకముందే ఆపడం ఎంత సులభమో వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రంథస్థమైన విద్యకు ఈ విధంగా కంచె ఏర్పడినది. మన ప్రాంతంలో ప్రసిద్ధమైన బసవరాజీయం వంటి సంస్కృతాంధ్ర గ్రంథాన్ని మన ఔషధ చట్టం కూడా ప్రామాణిక గ్రంథాల జాబితాలో చేర్చినది. కాని కంచె వెలుపల ఉన్నదే నన్ను కలవరపెడుతున్నది. నల్లమల చెంచులకు తెలిసిన మూలికలు, మన్యంలోని కొండరెడ్ల నాటువైద్యం, బాలింతలకు మన పెద్దలు చేసి పెట్టే కాయం, పసిపిల్లల కడుపునొప్పికి ఊరికొక తీరుగా వాడే వాము కషాయం: ఇవి ఏ సంహితలో ఉన్నాయి?

గోప్యమా, ప్రకటనమా?

ఇక నా సంగతికి వస్తాను. నేను గురుకులంలో వైద్యం అభ్యసించినవాడను. మా గురువుగారు కొన్ని యోగాలను ఎన్నడూ కాగితం మీద పెట్టనివ్వలేదు. వాటిలో ఒకటి కీళ్ల వాతానికి ముష్టి గింజలతో చేసేది. ఏళ్ల తరబడి సేవ చేసి, గింజలు శోధించడం చేత్తో నేర్చుకుని, తప్పు లేకుండా చేయగలనని ఆయనకు నమ్మకం కుదిరిన తరువాతనే నాకు ఉపదేశించారు. పాత్రత లేని చేతికి ఇవ్వవద్దని మాట తీసుకున్నారు.

నాకు అరవై దాటినవి. నా పిల్లలు వేరే వృత్తులలో స్థిరపడ్డారు. సంవత్సరాల తరబడి దగ్గర ఉండి నేర్చుకునే శిష్యుడు ఈ కాలంలో దొరకడం అరుదు. కనుక మాట నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్న నాకు పుస్తకాలలో చదివినది కాదు. దాచితే ఆ యోగం నాతో పోతుంది. ప్రకటిస్తే ముష్టి విషమని తెలియని వాడు సగం చదివి సగం వండి ప్రాణం మీదకు తెచ్చుకోవచ్చును. ప్రకటించిన మందును ఏ కంపెనీ అయినా తయారు చేసి లాభం గడించవచ్చును. మా గురుపరంపరకు ఒక నమస్కారం కూడా దక్కదు.

ఆలోచించగా, దాపరికంలో మూడు రకాలున్నాయని నాకు తోచినది. రోగి క్షేమం కోసం దాచేది ఒకటి. జీవనోపాధి కోసం దాచేది మరొకటి. తనకే తెలుసునన్న అతిశయంతో దాచేది మూడవది. మా గురువుగారిది మొదటి రకం. ఆయన వారించినది అపాత్రదానాన్ని. విద్య నశించిపోవలెనని ఆయన ఎన్నడూ కోరలేదు. జీవనోపాధి కోసం దాచడం తప్పు అనను, ఎందుకంటే ఇతరులు కష్టపడి సంపాదించుకున్నదానిని దాచుకుంటే వ్యాపార రహస్యమని చట్టమే గౌరవిస్తున్నది. కాని అందులో ఒక చిక్కున్నది. ఎవరికీ తెలియకుండా దాచిన యోగాన్ని రేపు మరొకరు తామే కనిపెట్టామంటే, కాదనడానికి మన చేతిలో ఆధారం ఉండదు. ట్రంకుపెట్టెలో ఉన్న నోటుపుస్తకం ప్రచురణ క్రిందకు రాదు. నలుగురికీ అందుబాటులో ఉన్నదే న్యాయస్థానంలో నిలుస్తుంది. పైగా దాచిన మందును పరీక్షించేవారు ఉండరు. అది నా రోగులకు ఉపకరించినదని నేను చెప్పగలను. కాని నా అనుభవం ఒక్కటే రుజువు కాజాలదు. వెలుగులోకి వస్తేనే దాని గుణమూ దోషమూ ఇతరులు తేల్చగలరు.

అందువలన నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ యోగాన్ని శోధనక్రమంతో, మోతాదుతో, ఎవరికి ఇవ్వరాదో ఆ నిషేధాలతో సహా పూర్తిగా రాస్తున్నాను. గృహవైద్యపు పుటలలో దానిని ప్రకటించను. వైద్యులు చదివే పత్రికకు పంపుతాను. ఒక ప్రతిని ఆయుర్వేద కళాశాల గ్రంథాలయానికి ఇస్తాను. మొదటి పుటలో మా గురువుగారి పేరు, తేదీ ఉంటాయి. ఇది ఆయన మాటకు భంగం కాదనే నా విశ్వాసం. అంగీకరించని సహాధ్యాయులున్నారు. వారి అభిప్రాయాన్ని గౌరవిస్తాను.

చెప్పినవారికి ఏమి దక్కినది?

ప్రకటన వలన దొంగతనం ఆగుతుంది. చెప్పినవారి కడుపు మాత్రం నిండదు. ఈ రెండవ విషయంలో కేరళలో జరిగినది తెలుసుకోదగినది. 1987లో డాక్టర్ పి. పుష్పాంగదన్ బృందం అగస్త్యమలై కొండలలో తిరుగుతుండగా, దారి చూపుతున్న కాణి తెగవారు ఏవో పండ్లు తింటూ అలసట లేకుండా నడవడం గమనించారు. మొదట సంకోచించినా, చివరకు వారు ఆరోగ్యపచ్చ అనే ఆ మొక్కను చూపారు. పాలోడులోని ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ దానికి అశ్వగంధ, పిప్పలి, విష్ణుక్రాంతం చేర్చి జీవని అనే ఔషధాన్ని రూపొందించినది. 1995లో కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయల రుసుముకు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి తయారీ హక్కు ఇచ్చినది. వచ్చినదానిలో సగం కాణి తెగకు చెందవలెనని నిశ్చయించారు. 1997లో ఆ తెగవారి పేర ఒక ట్రస్టు ఏర్పడినది.

ప్రపంచమంతా దీనిని మెచ్చుకున్నది. మెచ్చదగినదే. అయితే తెగలోని మూలికావైద్యులు కొందరు, ఆ రహస్యం ఒకరిద్దరు చెప్పదగినది కాదని, అది అందరి ఉమ్మడి సొత్తని అభ్యంతరం తెలిపారు. మొక్కను అడవిలో పెంచి అమ్ముకోవడానికి అటవీశాఖ ఆటంకాలు వచ్చాయి. పంచుకోవాలన్న సదుద్దేశం ఒక్కటే చాలదని దీనివలన తేలుతున్నది. ఎవరిని అడగవలెను, ఎవరు సరే అనవలెను, సొమ్ము ఎవరి చేతికి ఇవ్వవలెను అన్నవి ముందే తేలవలెను.

1992 నాటి జీవవైవిధ్య ఒడంబడికను అనుసరించి మన పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టం చేసినది. చెన్నైలో జాతీయ ప్రాధికార సంస్థ, రాష్ట్రాలలో మండళ్లు, గ్రామాలలో యాజమాన్య కమిటీలు ఏర్పడ్డాయి. విదేశీయులు మన మొక్కలనూ, వాటి జ్ఞానాన్నీ తీసుకోవాలంటే అనుమతి పొందవలెను, లాభంలో వాటా ఇవ్వవలెను. ఈ చట్టం తెలుగునేల మీద ఫలించిన ఒక చిన్న ఉదాహరణ ఉన్నది. హైదరాబాదు సంస్థ ఒకటి 2,000 కిలోల ఎండు వేపాకును జపానుకు ఎగుమతి చేసినది. రాయల్టీగా వచ్చిన సుమారు 55 వేల రూపాయలలో కొంత భాగం, ఆకు సేకరించిన మహబూబ్‌నగర్ ప్రాంతపు అమరచింత గ్రామ కమిటీకి వేపమొక్కలు నాటడానికి అందినది. మొత్తం చిన్నదే. కాని మన పెరటి వేపచెట్టుకు కూడా ఒక హక్కు ఉన్నదని ఆ గ్రామం నిరూపించినది.

స్వదేశీ కంపెనీలు కూడా వాటా ఇవ్వవలెనా అన్న ప్రశ్న తరువాత తలెత్తినది. ఇవ్వవలసినదేనని 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. అయితే 2023లో చట్టాన్ని సవరించారు. 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఆ సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికీ, నమోదైన ఆయుష్ వైద్యులకూ మినహాయింపు ఇచ్చినది. చట్టం తప్పినవారికి జైలు శిక్షకు బదులు జరిమానా విధించినది.

ఈ సవరణ వలన నావంటి వైద్యునికి సదుపాయమే. గురుగ్గిలానికీ, గుడూచికీ అర్జీలు పెట్టుకునే శ్రమ తప్పినది. అయినా నా మనస్సు పూర్తిగా సమాధానపడటం లేదు. గ్రంథంలో ఉన్నదన్న కారణంతో పెద్ద కంపెనీకి కూడా వాటా మినహాయిస్తే, ఆ గ్రంథంలోని వేరును అడవిలో త్రవ్వి తెచ్చే చెంచు ఆడబిడ్డకు మిగిలేది ఆనాటి కూలి మాత్రమే. శ్లోకం రాసినవారు ఋషులు కావచ్చును. మొక్కను నేటివరకు గుర్తుపట్టి, వేరు మొత్తం పెకలించకుండా మళ్లీ మొలిచేలా కాపాడుతున్నవారు ఈ అడవి బిడ్డలు. వైద్యునికి సులువు కలిగించడం ధర్మమే. కోట్ల వ్యాపారానికి అదే సులువు కలిగించడం ధర్మం కాదని నా మనవి.

ఆకు కదలకుండానే

నేటి జీవసాంకేతిక శాస్త్రం ఈ చిక్కును మరింత పెంచినది. పూర్వం మొక్కను దొంగిలించాలంటే ఓడలోనో విమానంలోనో తీసుకుపోవలసి వచ్చేది. ఇప్పుడు మొక్కలోని జన్యువుల క్రమాన్ని చదివి కంప్యూటరులో అక్షరాలుగా పెడుతున్నారు. ఆ అక్షరాలను చూసి, ఆకు అవసరం లేకుండానే, దాని ఔషధ పదార్థాన్ని ఈస్టు వంటి సూక్ష్మజీవులచేత తయారు చేయించే విద్య వచ్చినది. అటువంటప్పుడు అనుమతి దేనికి అడగాలి? వాటా ఎవరికి ఇవ్వాలి? దీనికి సమాధానంగా 2024 నవంబరులో కొలంబియాలోని కాలీ నగరపు సదస్సులో, ఇటువంటి జన్యు సమాచారంతో లాభపడే కంపెనీలు విరాళం వేయవలసిన ఒక నిధిని దేశాలు అంగీకరించాయి. ఆ విరాళం స్వచ్ఛందమే గాని నిర్బంధం కాదు. అదే సంవత్సరం మే నెలలో జెనీవాలో మరొక అంతర్జాతీయ ఒప్పందం కుదిరినది. దాని ప్రకారం పేటెంటు కోరేవారు తమ ఆవిష్కరణకు మూలమైన జీవసంపద ఏ దేశానిదో, సంప్రదాయ జ్ఞానం ఎవరిదో దరఖాస్తులోనే చెప్పవలెను. మొక్క తల్లిపేరు చెప్పమన్నట్లు ఇది న్యాయమైన నియమం.

రెండు అపోహలు

ఈ సందర్భంలో గృహిణులకు రెండు సంగతులు చెప్పడం నా విధి. మందు సీసా మీద “ప్రొప్రైటరీ” అన్న మాట చూసి, ప్రభుత్వం పరీక్షించి పేటెంటు ఇచ్చిన గొప్ప మందు అని చాలామంది భ్రమపడతారు. మన ఔషధ చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. ప్రామాణిక గ్రంథాలలోని ద్రవ్యాలతో చేసినదే అయినా, గ్రంథంలో చెప్పిన యోగం కాక, తయారీదారు సొంతంగా కూర్చుకున్నది అని మాత్రమే దాని భావం. అదే గొప్పతనానికి ముద్ర కాదు, లోపానికి గుర్తూ కాదు.

రెండవది, పసుపు పేటెంటు రద్దు కావడాన్ని పసుపు వైద్యానికి యోగ్యతాపత్రంగా భావించరాదు. పరీక్షకులు తేల్చినది ఆ ఉపయోగం పాతదని. అది ఎంతవరకు పనిచేస్తుందన్నది వేరే పరీక్ష. చిన్న గీతలకు, శుభ్రంగా కడిగిన తరువాత, ఇంట్లో దంచుకున్న మంచి పసుపు వాడవచ్చును. లోతైన గాయానికి, తుప్పు ఇనుము గుచ్చుకున్నప్పుడు, మధుమేహ రోగి కాలి పుండుకు పసుపును నమ్ముకుని కూర్చోరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతపు సూది వేయించుకోవలెను. విడిగా అమ్మే పసుపులో రంగు కోసం సీసం గల విషపదార్థాలు కలిపే అవకాశమున్నది గనుక అది పుండుకు అసలే తగదు.

మనం చేయవలసినవి

1. మీ ఇంటి పెద్దల వద్ద ఉన్న చిట్కాలను వారు ఉండగానే రాసుకోండి. మొక్క పేరు, మీ ఊరి వాడుక పేరు, ఏ భాగం, ఎంత మోతాదు, ఏ బాధకు, ఎవరికి వాడరాదు అన్నవి తప్పక ఉండవలెను. చెప్పినవారి పేరు, తేదీ మరువకండి.

2. రాసినదానిని పెట్టెలో పెట్టి ఊరుకోవద్దు. ఏ అపాయం లేని సామాన్య చిట్కాలను పత్రికలకు, గ్రంథాలయాలకు పంపండి. విషద్రవ్యాలు, భస్మాలు కలిసినవాటిని వైద్యునికి చూపించనిదే ప్రకటించవద్దు.

3. ప్రతి గ్రామంలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెనని చట్టం చెబుతున్నది. మీ పంచాయతీలో ఉన్నదేమో అడగండి. ఉన్నచో మీ ఊరి మొక్కలు, వాటి ఉపయోగాలు తెలిసినవారిని దాని వద్దకు తీసుకువెళ్లండి.

4. ఎవరైనా పరిశోధన పేరుతో వచ్చి మూలికల సంగతులు అడిగితే మర్యాదగా మాట్లాడండి. ఏ సంస్థ తరఫున వచ్చారో, దేనికి వాడతారో, అనుమతి పత్రం ఉన్నదో లేదో అడిగి తెలుసుకోండి. అడగడం అమర్యాద కాదు.

5. మూలికలు అమ్ముకునే వారి వద్ద బేరమాడేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ గంపలో ఉన్నది వేరు మాత్రమే కాదు, దానిని పోల్చుకునే విద్య కూడా. ఏ చట్టమూ ఇప్పించలేని వాటాను మన చేతితో మనమే ఇవ్వవచ్చును.

పంచినకొద్దీ పెరిగేది విద్య అని మన పెద్దలు చెప్పినది సత్యమే. పంచేటప్పుడు అది ఎవరినుండి వచ్చినదో పేరు చెప్పడం, ఫలం వచ్చినప్పుడు వారిని తలచుకోవడం కూడా ఆ విద్యలో భాగమే. మీ ఇంటిలోని పెద్దావిడ ఈ వారం ఏదైనా కషాయం కాస్తున్నప్పుడు, ఒక కాగితమూ కలమూ తీసుకుని ఆమె ప్రక్కన కూర్చోండి.